మనిషి ఒక దేశంలో, దస్తావేజు మరో దేశంలో



ఒక అమెరికా కుటుంబం తన పూర్వీకుల వివరాలు వెతకడం మొదలుపెట్టిందనుకుందాం. కొంతదూరం దారి సాఫీగానే సాగుతుంది. 1850 నాటి జనాభా లెక్కలు తీస్తే, బానిసలు కానివారందరి పేర్లూ వయసులూ ఇంటింటి వారీగా కనబడతాయి. అంతకు ముందరి లెక్కల దగ్గర కష్టం మొదలవుతుంది. 1790 నుంచి 1840 దాకా పదేళ్ళకోసారి తీసిన లెక్కల్లో ఇంటి పెద్ద పేరు ఒక్కటే రాశారు. భార్య, పిల్లలు, ముసలివాళ్ళు, పనివాళ్ళు అంతా గళ్ళలో అంకెలే. 1790 దాటి వెనక్కి వెళితే దేశమంతటికీ కలిపి తీసిన ఆ అంకెలు కూడా ఉండవు. 1607లో ఇంగ్లీషువాళ్ళు వర్జీనియాలోని జేమ్స్‌టౌన్‌లో దిగినప్పటి నుంచి 1776లో స్వాతంత్ర్యం ప్రకటించుకునే దాకా దాదాపు 170 ఏళ్ళు గడిచాయి. ఆ కాలంలో బతికిన సామాన్యుడి పేరు పట్టుకోవడం చాలామందికి చేతకాక మధ్యలోనే ఆగిపోతారు.

ఆగిపోవడానికి కారణం ఉంది. ఎవరైనా మొదట ఆ పూర్వీకుడు బతికిన ఊరికే వెళతారు. అక్కడి చర్చి రిజిస్టరు అడుగుతారు, కోర్టు కాగితాలు అడుగుతారు. చర్చి ఎప్పుడో కాలిపోయి ఉంటుంది. కోర్టు దస్త్రాలు అంతర్యుద్ధంలో పోయి ఉంటాయి. లేదా అసలు రాసే పెట్టి ఉండరు. ఇక ఇంతే అనుకుని ఇంటికి వచ్చేస్తారు.

ఇవాళ నా ప్రసంగం అక్కడి నుంచి మొదలవుతుంది. సామాన్యుడు తన గురించి తాను ఏమీ రాసిపెట్టుకోలేదు. అతనితో పని ఉన్నవాళ్ళు రాశారు. అతని మీద డబ్బు వచ్చేవాళ్ళు, అతనికి డబ్బు ఇవ్వాల్సినవాళ్ళు, అతని బాధ్యత తమ మీద పడుతుందేమోనని భయపడ్డవాళ్ళు రాశారు. మన ఇళ్ళల్లోనైనా ముత్తాత తండ్రి పేరు కావాలంటే పాత పొలం దస్తావేజే కదా తీసి చూస్తాం! పొలం చేతులు మారింది కాబట్టే ఆయన పేరు నిలిచింది. వలస పాలన నాటి అమెరికాలో ఇలాంటి రాతకోతలు సముద్రాలు దాటి జరిగాయి. అందుకే మనిషి ఒక దేశంలో ఉంటే, అతని కాగితం మరో దేశంలో ఉంటుంది.

ముందుగా మనందరికీ తెలిసిన ఒక పేరు చూద్దాం. 1638లో మసాచుసెట్స్‌లోని చార్లెస్‌టౌన్‌లో ఒక యువ మతబోధకుడు చనిపోతూ, తన ఆస్తిలో సగమూ దాదాపు 400 పుస్తకాలూ అప్పుడే పెట్టిన ఒక కాలేజీకి రాసిచ్చాడు. ఆయనకు అప్పటికి 30 ఏళ్ళు. మరుసటి ఏడాది ఆ కాలేజీకి ఆయన పేరే పెట్టారు. ఆయన జాన్ హార్వర్డ్. ప్రపంచమంతా ఎరిగిన ఈ మనిషి ఎక్కడ పుట్టాడో, తల్లిదండ్రులెవరో రెండు శతాబ్దాలకు పైగా అమెరికాలో ఎవరూ చెప్పలేకపోయారు.

బోస్టన్‌లో 1845లో న్యూ ఇంగ్లండ్ వంశచరిత్ర సంఘం ఒకటి ఏర్పడింది. దాని తరఫున హెన్రీ ఫిట్జ్‌గిల్బర్ట్ వాటర్స్ అనే పరిశోధకుడు 1880లలో లండన్‌లో కూర్చుని, కాంటర్‌బరీ ఆర్చిబిషప్ కోర్టులో నమోదైన పాత వీలునామాలను చదువుతూ వచ్చాడు. హార్వర్డ్ అన్న ఇంటిపేరు ఒక్కటే పట్టుకుని వెతికి ఉంటే ఆయనకు అసలైన కాగితం చిక్కేది కాదు. ఎందుకంటే అది కేథరిన్ యియర్‌వుడ్ అనే వితంతువు 1635లో రాసిన వీలునామా. థేమ్స్ నదికి దక్షిణాన ఉన్న సదర్క్ పేట ఆమెది. అక్కడి 'క్వీన్స్ హెడ్' అనే సత్రాన్ని కొడుకు జాన్ హార్వర్డ్‌కు రాసింది. ఆమె ముగ్గురు భర్తలను పోగొట్టుకున్న మనిషి. మొదటి భర్త రాబర్ట్ హార్వర్డ్, సదర్క్‌లో మాంసం కొట్టు నడిపినవాడు. 1625 ప్లేగులో ఆయనా, పిల్లల్లో చాలామందీ పోయారు. ఆ తర్వాత మరో రెండు పెళ్ళిళ్ళతో ఆమె ఇంటిపేరు రెండుసార్లు మారింది.

ఆ ఒక్క కాగితంతో చిక్కుముడి విడింది. జాన్ తమ్ముడు థామస్ వీలునామా దొరికింది. దాన్ని అమలు చేయాల్సినవాళ్ళలో అన్న జాన్ ఒకడు. 1637లో అది కోర్టుకు వచ్చేనాటికి ఆ బాధ్యత రెండోవాడే తీసుకున్నాడు, జాన్ హాజరు కాలేదు. అంటే అప్పటికే ఓడ ఎక్కి ఉంటాడు. సదర్క్ చర్చి రిజిస్టరులో 1607 నవంబరు 29న జరిగిన బాప్తిజం కూడా కనబడింది. అందులో ఇంటిపేరు 'హార్వీ' అని పలికేలా ఉంది. గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా రాసుకున్నాడు. ఇంతకీ ఈ వివరాలన్నీ ఏ కాగితాల్లో ఉన్నాయి? ఒక సత్రం ఎవరికి చెందాలన్న లెక్కల్లో. జాన్ హార్వర్డ్ చదువు గురించి, భక్తి గురించి రాసిన కాగితాల్లో ఆయన తల్లి లేదు. ఆస్తి కాగితంలో ఉంది.

ఆస్తి ఉన్నవాళ్ళ సంగతి ఇది. ఏమీ లేకుండా ఓడెక్కినవాళ్ళ మాటేమిటి? వాళ్ళకు ఓడే ఆధారం. ఇంగ్లండ్ రాజుకు తన ప్రజలు ఎక్కడికి పోతున్నారో తెలియాలి. అందుకే రేవు దాటేవాళ్ళ చేత రాజభక్తి ప్రమాణం చేయించి పేర్లు రాసుకునేవారు. లండన్ రేవులో 1635 సంవత్సరానికి అలా రాసిన రిజిస్టరు మిగిలింది. ఆ ఒక్క ఏడాదిలో అమెరికా వలసలకు, కరీబియన్ దీవులకు బయలుదేరిన దాదాపు 5,000 మంది పేర్లు, వయసులతో సహా అందులో ఉన్నాయి.

బ్రిస్టల్ రేవులో సంగతి వేరు. పిల్లలను, అమాయకులను ఎత్తుకుపోయి వలసల్లో పనికి అమ్మేస్తున్నారని జనం గగ్గోలు పెడితే, 1654 నుంచి ఆ నగరపాలక సంస్థ ఒక రిజిస్టరు పెట్టింది. ప్రయాణం ఖర్చు పెట్టుకోలేక, కొన్నేళ్ళు ఊరికే పనిచేస్తామని ఒప్పందం రాసి ఓడెక్కే కూలీల పేర్లు అందులో చేర్చారు. ఎవరు, ఎవరికి కట్టుబడ్డారు, ఎన్నేళ్ళకు, వర్జీనియాకా బార్బడోస్‌కా అన్నది ఉంటుంది. మొదటి సంవత్సరాల పేజీల్లోనైతే సొంత ఊరు, వృత్తి కూడా దొరుకుతాయి. 1686 దాకా సాగిన ఆ పుస్తకాల్లో 10,000 మందికి పైగా ఉన్నారు. వాళ్ళలో ఒకరి వారసుడు ఇవాళ వర్జీనియాలో ఎంత వెతికినా దొరకని ఊరి పేరు, బ్రిస్టల్‌లో ఒకే పంక్తిలో దొరకవచ్చు.

ఇంకో తరహా ఓడలు ఉన్నాయి. 1718లో ఇంగ్లండ్ ఒక చట్టం చేసి దొంగతనాల వంటి నేరాలకు అమెరికాకు ద్వీపాంతరం పంపడం మామూలు శిక్షగా మార్చింది. అప్పటి నుంచి అమెరికా విప్లవం మొదలయ్యేదాకా సుమారు 50,000 మందిని అలా పంపారు. ఎక్కువమంది మేరీలాండ్, వర్జీనియాలకు చేరారు. తలకు ఇంత అని ప్రభుత్వం వ్యాపారులకు డబ్బు కట్టేది కనుక ఖజానా లెక్కల్లో చాలామంది పేర్లు ఉన్నాయి. లండన్ ఓల్డ్ బెయిలీ కోర్టులో 1674 నుంచి జరిగిన విచారణలు అచ్చయి ఉన్నాయి, ఇవాళ ఇంటర్నెట్‌లో ఎవరైనా ఉచితంగా చదవవచ్చు. ఏం దొంగిలించారు, సాక్షి ఏమన్నాడు, ముద్దాయి ఏం చెప్పుకున్నాడు, ఇవన్నీ అందులో ఉంటాయి. వంశంలో ఒక దోషి ఉన్నాడని తెలిస్తే కొందరు తలదించుకుంటారు. నేనైతే వాళ్ళకు ఒకటే చెబుతాను. ఆ కాలపు పేదవాడి నోటిమాట కాగితం మీద నిలిచిన చోటు కోర్టే. మీ పూర్వీకుడి గొంతు మీకు వినిపించే చోటు అంతకన్నా మరొకటి ఉండకపోవచ్చు.

ఓడలు ఇంగ్లండ్ నుంచే బయలుదేరలేదు. న్యూయార్క్ ఒకప్పుడు డచ్చివాళ్ళది. 1624 జనవరిలో ఆమ్‌స్టర్‌డామ్‌లోని వాలూన్ చర్చిలో కాటలీనా త్రికో, యోరిస్ రాపాల్యే అనే ఇద్దరు పెళ్ళి చేసుకుని, కొద్ది రోజులకే అమెరికా ఓడెక్కారు. ఇద్దరూ టీనేజి దాటని వయసువాళ్ళు, చదువురానివాళ్ళు. ఇవాళ వాళ్ళ వారసులు అమెరికా అంతటా లెక్కలేనంత మంది. వాళ్ళ పెళ్ళి మాట మాత్రం ఆమ్‌స్టర్‌డామ్ రిజిస్టరులో ఉంది. మేఫ్లవర్ ఓడలో 1620లో వెళ్ళిన విలియం బ్రాడ్‌ఫర్డ్ పెళ్ళి కూడా 1613లో ఆ నగరంలోనే నమోదైంది. ప్లిమత్ వలసకు దీర్ఘకాలం గవర్నరుగా ఉన్న ఆ మనిషిని అక్కడ ఆస్టర్‌ఫీల్డ్ అనే ఊరినుంచి వచ్చిన నేతపనివాడని రాశారు. గవర్నరు కాకముందు ఏం పనిచేసి పొట్టపోసుకున్నాడో ఆ పెళ్ళి పుస్తకమే చెప్పింది.

ఇక అమెరికా గడ్డ మీదికి వద్దాం. వర్జీనియాలో ఒక పద్ధతి ఉండేది. ఎవరి ప్రయాణ ఖర్చు ఎవరు పెట్టుకుంటే, మనిషికి 50 ఎకరాల చొప్పున వారికి భూమి ఇచ్చేవారు. భూమి పట్టా కావాలంటే ఎవరెవరిని తెచ్చారో పేర్లు రాసివ్వాలి. అందుకని యజమాని పట్టాలో కూలీల పేర్లు నిలిచాయి. 1635లో జార్జ్ మెనిఫీ అనే భూస్వామికి ఇచ్చిన పట్టా జాబితాలో ఒక పేరు చూసి మనలాంటివాళ్ళం ఆగిపోతాం. 'టోనీ, ఈస్ట్ ఇండియన్.' అంతే, ఇంకేమీ లేదు. ఇండియా వైపు నుంచి వచ్చిన ఒక మనిషి, జేమ్స్‌టౌన్ మొదలై 28 ఏళ్ళకే, ఒకరి 50 ఎకరాలకు లెక్కగా ఆ కాగితం మీదికి ఎక్కాడు. అది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాకపోవచ్చు, ఊరి పేరు లేదు. అయినా ఆ పంక్తి ఉంది కాబట్టే, భారతీయులు అమెరికాలో మొన్నమొన్న అడుగుపెట్టారన్న మాట నిలవదని మనం చెప్పగలుగుతున్నాం.

మసాచుసెట్స్‌లో ఇంకో రకం కాగితం ఉంది. పేదవాళ్ళను పోషించే బాధ్యత అక్కడ ఊరిది. కొత్తవాళ్ళు వచ్చి స్థిరపడితే రేపు వాళ్ళను తామే సాకాల్సి వస్తుందని ఊరి పెద్దలకు భయం. అందుకని మనిషిని పంపి, 'మీరు ఈ ఊరివాళ్ళు కారు, వెళ్ళిపొండి' అని హెచ్చరించి, ఆ సంగతి పుస్తకంలో రాసుకునేవారు. బోస్టన్‌లో 1765 నుంచి దాదాపు పదేళ్ళు రాబర్ట్ లవ్ అనే ఉద్యోగి ఇదే పనిమీద వీధులన్నీ తిరిగాడు. వేలమందిని ఆపి అడిగాడు. ఎక్కడి నుంచి వచ్చారు, ఎప్పుడు వచ్చారు, ఎవరింట్లో దిగారు, వెంట ఎవరున్నారు, అన్నీ రాసుకున్నాడు. నిజానికి హెచ్చరిక విన్నవాళ్ళలో చాలామంది ఊరు వదిలి పోలేదు. అవసరమైతే వాళ్ళ ఖర్చు తమ ఊరిమీద పడకుండా చూసుకోవడమే ఆ రాత ఉద్దేశం. ఇవాళ వంశం వెతికేవాళ్ళకు ఆ పుస్తకం నిధి. వద్దనుకున్నవాళ్ళ గురించే అంత శ్రద్ధగా రాశారు.

ఈ మాట నల్లజాతి కుటుంబాల విషయంలో మరీ బరువుగా వినబడుతుంది. వాళ్ళను ఆస్తిగా లెక్కవేశారు కనుక వాళ్ళ ఆనవాళ్ళు యజమానుల వీలునామాల్లో, అప్పుల తగాదాల్లో, పారిపోయినవాళ్ళను పట్టివ్వమని పత్రికల్లో వేయించిన ప్రకటనల్లో ఉంటాయి. ఆ ప్రకటనలో మనిషి ఎత్తు, వేసుకున్న బట్టలు, ఒంటిమీది మచ్చ, చేతనైన పని, వచ్చిన భాషలు రాస్తారు. పట్టుకుని తిరిగి కట్టెయ్యడానికి రాసిన వర్ణన అది. అదే ఇవాళ ఒక మనవరాలికి తన పూర్వీకుడి రూపం చూపిస్తుంది.

ఒక మనిషి కథ కొంచెం వివరంగా చెబుతాను. హ్యారీ అనే ఆఫ్రికన్‌ను 1763లో జార్జ్ వాషింగ్టన్ కొన్నాడు. వాషింగ్టన్ గారి మౌంట్ వెర్నన్ ఎస్టేటు లెక్కల్లో అతని పేరు కనబడుతుంది. విప్లవం మొదలయ్యాక, బ్రిటిషు పక్షం చేరిన బానిసలకు స్వేచ్ఛ ఇస్తామన్న మాట విని హ్యారీ వెళ్ళిపోయాడు. యుద్ధంలో వాషింగ్టన్ గెలిచాడు. 1783లో బ్రిటిషువాళ్ళు న్యూయార్క్ ఖాళీ చేస్తుంటే, మా బానిసలను మాకు అప్పగించండని ఆయన బ్రిటిషు సేనాని గై కార్ల్‌టన్‌ను అడిగాడు. స్వేచ్ఛ ఇస్తామని మాట ఇచ్చాం, తప్పలేమని కార్ల్‌టన్ అన్నాడు. కాకపోతే రేపు యజమానులకు పరిహారం కట్టాల్సి వస్తే లెక్క ఉండాలి కదా అని, ఓడెక్కే ప్రతి నల్లవారి పేరు, వయసు, వాలకం, పాత యజమాని ఎవరు, ఎప్పుడు వచ్చేశారు అన్నవి రాయించాడు. 'బుక్ ఆఫ్ నీగ్రోస్' అని పిలిచే ఆ జాబితాలో 3,000 మంది ఉన్నారు. ఒక ప్రతి లండన్ దగ్గర క్యూ అనే చోట ఉంది, మరొకటి అమెరికా జాతీయ ఆర్కైవ్స్‌లో ఉంది.

అందులో హ్యారీ వాషింగ్టన్ పేరు ఉంది. వయసు 43. జనరల్ వాషింగ్టన్ దగ్గర నుంచి ఏడేళ్ళ క్రితం వచ్చేశాడని రాశారు. ఓడ నోవా స్కోషియాకు. అక్కడ బర్చ్‌టౌన్ అనే నల్లవారి ఊరి జాబితాలో మళ్ళీ కనబడతాడు. 1792లో ఆఫ్రికాకు, సియెర్రా లియోన్‌కు చేరాడు. 1800లో అక్కడి పాలకుల పన్నుల మీద తిరగబడ్డవాళ్ళలో అతనూ ఉన్నాడు, శిక్ష పడి ఊరు దాటించారు. వర్జీనియా దగ్గరే వెతుకుతూ కూర్చుంటే హ్యారీ 1776తో మాయమైపోతాడు. అతని మీద ఎవరికి లెక్క ఉందో వాళ్ళ వెంట వెళితే మూడు దేశాల్లో దర్శనమిస్తాడు.

ఇంతసేపూ లండన్, ఆమ్‌స్టర్‌డామ్ అంటూ తిరిగాం. మన చెన్నపట్నం కూడా ఈ దారిలోనే ఉంది. బోస్టన్‌లో 1649లో పుట్టి, పసితనంలోనే ఇంగ్లండ్ చేరి, ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా మద్రాసు వచ్చినవాడు ఎలిహు యేల్. 1687 నుంచి 1692 దాకా ఇక్కడ గవర్నరు. 1680 నవంబరులో కోటలోని సెయింట్ మేరీస్ చర్చిలో జరిగిన మొట్టమొదటి పెళ్ళి ఆయనదే. ఆయన పసివాడు డేవిడ్ సమాధి చెన్నై హైకోర్టు పక్కన, పాత లా కాలేజీ ఆవరణలోనిది. 1718లో ఆయన పంపిన సరుకుల మూటలు, పుస్తకాలు అందుకుని కనెటికట్‌లోని ఒక కాలేజీ యేల్ పేరు పెట్టుకుంది. బోస్టన్‌లో పుట్టిన మనిషి పెళ్ళి ఆధారం కోసం బోస్టన్‌లో వెతికితే ఏం లాభం? ఎగ్మూరు తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉన్న సెయింట్ జార్జ్ కోట కౌన్సిల్ పుస్తకాల్లో ఆయన పాలన రోజువారీగా ఉంది. మద్రాసు రేవు నుంచి మనుషులను బానిసలుగా ఓడలెక్కించిన లెక్కలూ ఆ పుస్తకాల్లోనే ఉన్నాయి. యేల్ పేరు విశ్వవిద్యాలయమై నిలిచింది. ఆ ఓడలెక్కినవాళ్ళు తలల లెక్కగా మిగిలారు.

మరో చోటు జర్మనీలోని హాలె. అక్కడి ఫ్రాంకె ధర్మసంస్థ 18వ శతాబ్దిలో అటు అమెరికాకూ ఇటు మన తీరానికీ బోధకులను పంపింది. సాల్జ్‌బర్గ్ నుంచి మతం కారణంగా వెళ్ళగొట్టిన ప్రొటెస్టెంట్లు 1734లో జార్జియాలో ఎబెనెజర్ అనే ఊరు కట్టుకున్నారు. వాళ్ళ పాస్టర్లు రోజువారీ విశేషాలు రాసి జర్మనీకి పంపేవారు. ఎవరికి బిడ్డ పుట్టింది, ఎవరు జ్వరంతో పోయారు, ఎవరి పంట ఎలా ఉంది, అన్నీ. చందాలిచ్చిన దాతలకు సమాధానం చెప్పాలి కదా! మద్రాసులో పనిచేసిన బెంజమిన్ షుల్జ్ ఆ సంస్థ మనిషే. ఆయన హాలె తిరిగి వెళ్ళాక 1746, 1747 సంవత్సరాల్లో తెలుగు చిన్న పుస్తకాలు అచ్చు వేయించాడు. మనకు తెలిసిన తొలి తెలుగు అచ్చు పుస్తకాలు అవి. జార్జియాలో ఒక రైతు చావుబతుకులు, తెలుగు అచ్చు పుట్టుక ఒకే ఊరి అల్మరాల్లోకి చేరాయి.

వెతికేవాళ్ళు దీన్నుంచి ఏం పట్టుకోవాలి? పేరు పక్కన పెట్టి మూడు ప్రశ్నలు వేసుకోండి. ఈ మనిషి వల్ల ఎవరికి డబ్బు వచ్చింది, లేదా ఎవరికి ఖర్చయింది? ఈ మనిషి గురించి ఎవరు ఎవరికి జవాబు చెప్పాలి? ఈ మనిషి తమకు భారమవుతాడని ఎవరు భయపడ్డారు? జవాబు దొరికితే ఏ దేశపు ఏ దఫ్తరానికి వెళ్ళాలో తెలుస్తుంది. కొన్ని జాగ్రత్తలు కూడా అవసరం. ఇంటిపేరు వర్ణక్రమాన్ని నమ్మవద్దు, హార్వర్డ్ హార్వీ అయిన సంగతి విన్నారు. ఆడవాళ్ళను పెళ్ళిళ్ళ వెంట వెతకండి. 1752కి ముందు ఇంగ్లండులోనూ దాని వలసల్లోనూ చట్టప్రకారం కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. అందుకే ఫిబ్రవరి 1687 అని ఉంటే మన లెక్కకు అది 1688 కావచ్చు. అన్నిటికీ మించి, పేరు కలిసింది కదా అని మనిషిని కలిపేసుకోవద్దు. ఒకే ఊళ్ళో ముగ్గురు జాన్ స్మిత్‌లు ఉంటారు. వయసు, వృత్తి, భార్య పేరు, సాక్షి సంతకం, వీటిలో కనీసం రెండు కలవనిదే వంశవృక్షంలో కొమ్మ గీయవద్దు.

చివరగా ఒక విన్నపం. పూర్వీకుడి పేరు దొరికినప్పుడు, అది ఏ కాగితంలో దొరికిందో, ఆ కాగితం ఎవరు ఎందుకు రాశారో కూడా వంశవృక్షంలో ఆ పేరు పక్కనే రాయండి. భూమి పట్టా కోసం రాశారని, పట్టుకోవడానికి రాశారని, ఊళ్ళోంచి వెళ్ళగొట్టడానికి రాశారని ఉన్నదున్నట్టు రాయండి. టోనీని రాసినవాడికి 50 ఎకరాలు కావాలి. హ్యారీని రాసినవాడికి పరిహారం లెక్క కావాలి. ఆ మనుషులు కావాలని వెతుకుతున్నది మాత్రం ఇవాళ వెతుకుతున్న మీరే. వాళ్ళను లెక్కలోంచి తీసి కుటుంబంలోకి తెచ్చుకునే అవకాశం మీకే ఉంది. దానికోసం ఒక ఊరు, ఒక దేశం సరిపోకపోతే మరో దేశపు దఫ్తరం తలుపు తట్టడానికి వెనుకాడకండి.